దుప్పటి రెండో కొస

మా వదినకి మాట మధ్యలో ఆగే అలవాటుంది. ఆ ఒక్క అలవాటు మూలంగా మా ఆసుపత్రి లాండ్రీలో ఎనిమిది మంది ఆడవాళ్ళం మేం పనిచేసే హాలు పోగొట్టుకోబోయాం. నాకేమో ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగే అలవాటే లేదు. ముక్కు మీద కోపం. మా అన్నయ్య నన్ను చిన్నప్పటి నుంచీ మిరపకాయ అనే పిలుస్తాడు. కాబట్టి ఈ సంగతి చెబుతూ చెబుతూ ఎవరినైనా నాలుగు మాటలు అనేస్తే ఏమీ అనుకోకండి.

ముందు మా పని సంగతి చెప్పాలి. వార్డుల నుంచి రోజుకి నాలుగు వందల పైచిలుకు దుప్పట్లు దిగుతాయి. ఉతికే మిషన్లూ ఆరబెట్టే మిషన్లూ ఒక గదిలో ఉంటాయి. దాని పక్కనే మూడు పెద్ద కిటికీలున్న హాలు, అందులో మేం. ఒక్కో దుప్పటి తొమ్మిదడుగుల పొడవు. ఇద్దరు చెరో రెండు కొసలు పట్టుకుని వెనక్కి నడుస్తారు. ఒక్క విదిలింపు, వెడల్పులో సగానికి మడత, మళ్ళీ సగానికి. అప్పుడు ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు కలుపుతారు. ఒకరు కొసలు అందిస్తే ఇంకొకరు అందుకుంటారు, ఇచ్చినావిడ కింద వేలాడే మడత పట్టుకుని మళ్ళీ వెనక్కి వెళ్తుంది. దుప్పటి నేలకు తగలకూడదు. తగిలితే మళ్ళీ ఉతుకుడే. పంతొమ్మిదేళ్ళలో తన చేతిలోని దుప్పటి ఒక్కటి కూడా నేలకు తగల్లేదని వదినకి గర్వం. పైకి చెప్పదనుకోండి, కానీ నాకు తెలుసు.

పక్కగది మిషన్ల హోరులో తొమ్మిదడుగుల దూరం నుంచి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని మాకో పద్ధతి ఉంది. కొసలు కలిసినప్పుడే మాట. దగ్గరికొచ్చినప్పుడు సగం చెప్పి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ కలిసినప్పుడు మిగతా సగం చెప్పడం. ఈలోపు అవతలి మనిషి నోరు విప్పదు. విప్పినా ఎవరికి వినపడుతుంది గనక! పంతొమ్మిదేళ్ళు ఇలా మాట్లాడేసరికి వదిన మాటే అలా తయారైంది. ఇంట్లోనూ అంతే. "ఇవాళ టమాటాలు..." అని ఆగుతుంది. మిగతా మాట ఎక్కడో ఊరంతా తిరిగి వస్తుంది. నాకంత ఓపిక ఎక్కడిది! "అయిపోయాయా? నేను తెస్తాలే" అని సంచీ పట్టుకుని వీధిలో పడేదాన్ని. తెచ్చాక తెలిసేది, ఇవాళ టమాటాలు చవగ్గా దొరికితే ఆవిడే మూడు కిలోలు కొనిపెట్టిందని. ఆ వారమంతా టమాటాలే. అన్నయ్య కంచం ముందు కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాడు.

ఇంకొక్క సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆరేళ్ళ కిందట నా కాపురం పాడైంది. అన్నయ్య వచ్చి, నా పెట్టె భుజాన వేసుకుని నన్ను తీసుకొచ్చేశాడు. వచ్చిన నాలుగో రోజు పొద్దున వదిన పక్కబట్టలు సర్దుతూ "నువ్విక్కడ ఉండటం గురించి..." అని ఆగింది. "తెలుసులే వదినా. పని దొరకగానే నా దారి నేను చూసుకుంటాను" అన్నాను. ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. వారం తిరక్కుండా నాకు లాండ్రీలో పని ఇప్పించింది. నన్ను పంపించడానికి ఎంత తొందరో అనుకున్నాను. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఆరేళ్ళు గడిచాయి. నన్నెవరూ పొమ్మనలేదు. నా పెట్టె మాత్రం మంచం కిందే ఉండిపోయింది, సగం బట్టలు అందులోనే. ఇంట్లో అల్మరా కింది అర ఖాళీగా ఉన్నా నేను ముట్టుకోలేదు. నాది కాని చోట నా చీరలెందుకని.

ఇక మీటింగుల గొడవకి వస్తాను. మా లాండ్రీ పెద్దాయన రిటైరయ్యాక ఆ కుర్చీ వదినకి వచ్చింది. దాంతో పాటు ప్రతి నెలా మొదటి సోమవారం మూడో అంతస్తులో జరిగే మీటింగూ నెత్తిన పడింది. అక్కడ పెద్ద డాక్టరు, హెడ్ నర్సమ్మ, ఇంజనీరు, స్టోర్సు ఆఫీసరు కూర్చుంటారు. ఎవరేమన్నారో కాగితం మీద పెట్టడానికి ఒక టైపిస్టు అమ్మాయి ఉంటుంది. వదినని అక్కడ అందరూ "మడతలావిడ" అంటారు.

స్టోర్సు ఆఫీసరుకి నేనొక పేరు పెట్టాను, అంటేగారు అని. ఎవరు నోరు తెరిచినా "అంటే, వీరు చెప్పేదేమిటంటే" అని అందుకుంటాడు. చెడ్డవాడని అనను. పనులు చకచకా అయిపోవాలని ఆయన తాపత్రయం. కానీ ఆ తొందర చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాకూ అదే జబ్బు ఉందని అప్పటికి నాకు తోచలేదు లెండి.

వదిన వెళ్ళిన మొదటి మీటింగులోనే అంటేగారు ఒక ప్లాను పరిచాడు. పాత కేసు కాగితాలు పెట్టుకోవడానికి చోటు లేదు, లాండ్రీ వాళ్ళ హాలు కాగితాలకిద్దాం, మడతలు పెట్టేవాళ్ళని లిఫ్టు వెనక గదిలోకి మారుద్దాం అని. ఆ గది వెడల్పు పదడుగులు, పొడవు పద్నాలుగు. కిటికీ లేదు. తొమ్మిదడుగుల దుప్పటి పట్టుకుని ఇద్దరు అడ్డంగా నిలబడితే మోచేతులు గోడలకి కొట్టుకుంటాయి. పొడవునా నిలబడదామంటే ఒక్క జంటే పడుతుంది, మేం నాలుగు జంటలం. వదిన అదే చెప్పబోయింది.

"సార్, ఆ గదిలో దుప్పట్లకి..." అని ఆగింది.

"అంటే, ఈవిడ చెప్పేదేమిటంటే, దుప్పట్లు పెట్టుకోవడానికి చోటు కావాలని. న్యాయమే! రెండు గోడలకీ అల్మరాలు పెట్టిద్దాం" అన్నాడు అంటేగారు. టైపిస్టు అమ్మాయి రాసేసింది: లాండ్రీ వారు అల్మరాలు కోరారు, అంగీకరించడమైనది.

చూశారా విడ్డూరం! ఒక్కో అల్మరా రెండడుగుల లోతు. రెండు వైపులా పెడితే పదడుగుల గది ఆరడుగులైంది. చోటు లేదని చెప్పడానికి వెళ్ళిన మనిషి, ఉన్న చోటు కూడా పోగొట్టుకుని కిందికి దిగింది. పైగా ఆవిడే అడిగినట్టు కాగితం మీద ఉంది.

"నువ్వెందుకు గట్టిగా చెప్పలేదు?" అని ఆ సాయంత్రం ఎగిరాను.

"చెబుదామనే..." అంది వదిన.

"చెబుదామనే అనుకున్నావు, నోరు పెగల్లేదు, అంతేగా! వచ్చే నెల నేనొస్తాను" అన్నాను. ఆవిడ మాట అక్కడ కూడా నేనే పూర్తిచేశాను. ఏం చెప్పబోయిందో ఇప్పటికీ తెలియదు.

రెండో మీటింగుకి వెంటపడి వెళ్ళాను. వదిన నోరు విప్పేలోపే నేను లేచి, ఆడవాళ్ళంటే లెక్కలేదా, మేం గోడకి అతుక్కుని మడతలు పెట్టాలా, ముందు ఆ గదిలో మీరు కూర్చోండి చూద్దాం అని బల్ల గుద్ది మరీ కడిగేశాను. నాకైతే కడుపు చల్లబడింది. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం మీద ఏం పడిందో తెలుసా? లాండ్రీ సిబ్బంది మర్యాదగా మాట్లాడవలసిందిగా సూచించడమైనది. వచ్చే నెల మీటింగులో ప్లాను మీద సంతకం, ఆ మర్నాడే సామాను తరలింపు.

నా తల కొట్టేసినట్టయింది. మెట్లు దిగుతూ వదిన ఆ రోజు మడవాల్సిన దుప్పట్ల లెక్క వేసుకుంటోంది. నాలుగు తిట్టినా బాగుండేది. టైపిస్టు అమ్మాయి వెనకాలే గబగబా దిగొచ్చింది.

"ఏమీ అనుకోకండక్కా. మీ వదినగారు మధ్యలో ఆగుతారు కదండీ, ఆగినప్పుడు అయిపోయిందనుకుని నేను చుక్క పెట్టేస్తున్నాను. ఆయనేమో అందుకుంటున్నారు. ఆవిడ ఆపకుండా చెబితే రాస్తానండీ" అంది.

నేను నిలబడిపోయాను. ఆరేళ్ళుగా ఆ మనిషితో దుప్పట్లు మడతపెడుతున్నాను. ఆవిడ ఎందుకు ఆగుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కొసలు కలిసేదాకా ఆగుతోంది పాపం, మూడో అంతస్తులో కూడా. అక్కడ దుప్పటి లేదు, రెండో కొస పట్టుకున్నవాళ్ళూ లేరు.

ఇంట్లో అందరం గురువులమైపోయాం. ఎనిమిదో క్లాసు చదివే మేనకోడలు "చెయ్యెత్తి నిలబడమ్మా, మా క్లాసులో అంతే" అంది. బస్సు నడిపే అన్నయ్య "హారన్ కొట్టినట్టు మొదలుపెట్టాలి, తప్పుకుంటారు" అన్నాడు. నేను వాచీ పట్టుకుని, ఆగకుండా నిమిషం మాట్లాడమని వదినని కుర్చీలో కూర్చోబెట్టాను. పావు నిమిషానికే ఆవిడ ముఖం ఎర్రబడింది.

"ఊపిరాడటం లేదే బాబూ! ఇలా మాట్లాడితే నా మాట..."

"నా మాట నాకే అర్థం కావట్లేదు అంటావా?"

వదిన నా వంక అదోలా చూసి లేచి వెళ్ళిపోయింది. మూడు రోజుల దాకా ఆ ఊసే ఎత్తలేదు. నాలుగో రోజు హాల్లో కొసలు కలిసినప్పుడు "నేనిలాగే మాట్లాడతాను" అంది. వెనక్కి వెళ్ళింది, వచ్చింది. "వాళ్ళనే ఆగమంటాను" అంది. ఎలా ఆగుతారని అడుగుదామంటే అప్పటికే దూరం వెళ్ళిపోయింది.

మూడో మీటింగు రోజు పొద్దున వదిన ఒక ఉతికిన దుప్పటి చంకన పెట్టుకుంది. నాకు మాత్రం దిండు గలీబుల దొంతర అందించింది, నలభై గలీబులు, సరిగ్గా నా గడ్డం దాకా.

"ఇవెందుకు వదినా?"

"హెడ్ నర్సమ్మకి ఇవ్వాలి. గడ్డంతో నొక్కి పట్టుకో. నోరు తెరిచావో..."

ఈసారి మిగతా మాట నాకు బాగానే అర్థమైంది. నోరు తెరిస్తే దొంతర కూలుతుంది. నోట్లో నాలుక లేని మనిషని అనుకున్నాను గానీ, మా వదిన జగత్కిలాడీ!

పైన అంటేగారు ప్లాను పరిచి పెన్ను మూత తీశాడు. "ఇక సంతకాలే. లాండ్రీ వారు ఏమైనా..."

వదిన లేచి నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది. "సార్, కొంచెం ఈ రెండు కొసలు పట్టుకుంటారా?"

ఎవరైనా చేతికి గుడ్డ అందిస్తే మనిషి పట్టుకుంటాడు, అంతే. అంటేగారూ పట్టుకున్నాడు. రెండు చేతులూ నిండాక లేచి నిలబడక తప్పలేదు. వదిన మిగతా రెండు కొసలతో వెనక్కి నడిచింది. ఆరడుగులు నడిచేసరికి వీపు గోడకి ఆనింది.

"అల్మరాకీ అల్మరాకీ మధ్య ఇంతే చోటు సార్. ఈ బల్లకీ గోడకీ మధ్య ఉన్నంత. పోయిన నెల కూర్చున్నప్పుడే చూసుకున్నాను. ఇప్పుడు సగానికి మడవండి."

మడిచారు. మధ్యలో దుప్పటి కిందికి జారి, కింది అంచు నేలను ఊడ్చింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి వదిన చేతిలో దుప్పటి నేలకు తగిలింది. గలీబుల వెనక నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అంటే, ఈవిడ చెప్పేదేమి..." అని అంటేగారు అలవాటుగా మొదలుపెట్టాడు.

"ఉండండి సార్. ఇంకా కొసలు కలవలేదు. మా దగ్గర కలిసినప్పుడే మాట" అంది వదిన. గొంతు పెంచలేదు, దుప్పటి దించలేదు. హెడ్ నర్సమ్మ కిసుక్కుమంది. ఆయన నోరు మూసుకున్నాడు.

వదిన నడిచి ఆయన ఎదురుగా వచ్చింది. "నేలకు తగిలిన దుప్పటి మళ్ళీ ఉతకాలి. ఈ గదిలో ప్రతి దుప్పటీ తగులుతుంది." ఆగింది. కొసలు ఆయనకి అందించి, కింది మడత పట్టుకుని వెనక్కి నడిచింది.

ఎవరికీ మధ్యలో దూరాలనిపించలేదు. ఎలా దూరతారు, దుప్పటి ఇంకా సాగి ఉంది కదా! పని సగంలో ఉందని చిన్నపిల్లలకైనా కనబడుతుంది. టైపిస్టు అమ్మాయి పెన్ను పైకెత్తి పట్టుకుంది. అందరి కళ్ళూ వదిన కాళ్ళ మీదే. ఆవిడ తాపీగా నడిచి మళ్ళీ ఆయన ముందుకు వచ్చింది.

"ఉతకడానికి టైము చాలక మేం వదిలేస్తే, ఆ మురికి దుప్పటి ఆపరేషన్ అయినవాళ్ళ కిందికి వెళ్తుంది. కుట్లు పచ్చిగా ఉన్నవాళ్ళ కిందికి. అది నా చేతుల మీదుగా వెళ్ళకూడదు సార్."

పెద్ద డాక్టరు ముందుకు వంగాడు. "ఆ గదిలో దుప్పటి తెరిచి చూశారా ఎవరైనా?" అని ఇంజనీరుని అడిగాడు. ఇంజనీరు కాగితం మీద సరిపోయిందని నసిగాడు.

అంటేగారు దుప్పటి పట్టుకునే ఉన్నాడు, పాపం. "మరి అల్మరాలు మీరే అడిగారు కదమ్మా?" అన్నాడు.

"నేనడగలేదు సార్. నా తరఫున మీరే అడిగారు."

గదిలో నవ్వులు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేనైతే అక్కడే ఇంకో నాలుగు తగిలించేదాన్ని. వదిన తగిలించలేదు. ఆయన చేతిలోంచి మడత అందుకుని, బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపుచేస్తూ నిలబడింది. ఆయన ఆ మడత వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు. మాట మనిషి కదా, ఎంత కష్టపడి ఆపుకున్నాడో నాకు తెలుస్తూనే ఉంది.

"అయితే ఆ రోజు మీరు ఏమడగబోయారు?" అన్నాడు చివరికి. అని, ఆగాడు. నిజంగా ఆగాడు!

"ఆ గదిలో దుప్పట్లకి చోటు లేదు సార్." ఆగింది. మేమందరం ఆగాం. "కాగితాలకైతే సరిగ్గా సరిపోతుంది. కాగితాలు వెనక్కి నడవవు కదా. అల్మరాలు కూడా పనికొస్తాయి."

పెద్ద డాక్టరు నవ్వి, ప్లాను మీద ఒక గీత కొట్టాడు. కాగితాలు లిఫ్టు వెనక గదికి, లాండ్రీ ఉన్నచోటే. టైపిస్టు అమ్మాయి రాసి, వదిన వైపు చూసి "పూర్తయిందా అండీ, చుక్క పెట్టమంటారా?" అంది.

"ఇంకొకటుందమ్మా..." అని వదిన ఆగింది. గది గదంతా కాచుకుంది. "ఆ హాల్లో నడి కిటికీ రెక్క విరిగి ఏడాదైంది."

"అది కూడా రాయండి!" అన్నాడు అంటేగారు, అందరికంటే ముందు.

"హమ్మయ్య! ఇన్నాళ్ళకి!" అని నేను గట్టిగా అరిచాను. ఇంకేముంది, నలభై గలీబులూ జలజలా రాలి గది నిండా పరుచుకున్నాయి. ఒకటి పెద్ద డాక్టరు చెప్పు మీద పడింది. వదిన నా వైపు తిరిగింది. తిట్టలేదు గానీ, ఆ చూపుకి నేను సగమైపోయాను.

మధ్యాహ్నమంతా నలభై గలీబులూ మళ్ళీ ఉతికించాను. కిందికి దిగిన కబురు వినగానే మిగతా ఆరుగురూ నన్ను ఏడిపించి చంపారు, వదినకి మాత్రం టీ తెచ్చి పెట్టారు. సాయంత్రం ఎండ కిటికీల్లోంచి హాలు సగం దాకా వచ్చింది. అది మా ఎండే, రేపూ వస్తుంది. ఆఖరి దుప్పట్లు మేమిద్దరం మడుస్తున్నాం. కొసలు కలిసినప్పుడు వదిన అంది:

"ఆరేళ్ళ కిందట నీకో మాట చెప్పబోయాను. నువ్విక్కడ ఉండటం గురించి."

వెనక్కి వెళ్ళింది. నా నాలిక చివరిదాకా వచ్చింది, తెలుసులే వదినా అని. పళ్ళు బిగబట్టాను. తొమ్మిదడుగులు అంత దూరమని నాకు అంతకుముందు తెలియదు. వదిన వచ్చింది.

"నిన్ను తీసుకురమ్మని మీ అన్నయ్యని పంపింది నేనే."

మళ్ళీ వెళ్ళింది. మిషన్లు హోరెత్తిపోతున్నాయి. మళ్ళీ వచ్చింది.

"నువ్వొస్తానంటావో అనవో అని ఆయన సందేహించాడు. వస్తుంది, నాకు తోడుంటుంది అన్నాను. ఆ రోజు అది చెప్పాలనుకున్నాను. నువ్వు చెప్పనిస్తేగా!"

నేనేమన్నానని అడక్కండి. ఏడ్చాను, అంతే. దుప్పటి మాత్రం నేలకు తగలనివ్వలేదు.

ఇంటికి వెళ్ళి పెట్టె మంచం కింది నుంచి లాగాను. బట్టలు తీసుకెళ్ళి అల్మరా కింది అర ముందు చతికిలబడ్డాను. ఆరేళ్ళ ఖాళీ అర, చెయ్యి పెడితే వేలికి దుమ్ము అంటలేదు.

"అది నీ అరే కదత్తా. అమ్మ ప్రతి ఆదివారం తుడుస్తుంది" అంది మేనకోడలు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

చీరలన్నీ సర్దాను. వదిన గుమ్మం దగ్గర నిలబడి ఖాళీ పెట్టె చూసి, "ఇక ఆ పెట్టెలో..." అని ఆగింది. పొయ్యి మీద ఏదో పొంగుతున్నట్టుంది, వంటింట్లోకి వెళ్ళింది. నేను ఉన్నచోటే కూర్చున్నాను. మంట తగ్గించిన చప్పుడు, మూత పెట్టిన చప్పుడు వినబడ్డాయి. కాసేపటికి ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"పాత దుప్పట్లు పెట్టుకుందాం" అంది.